వైద్యం వద్దనే మిత్రునికి తోడు



మన ఇళ్ళలో, మన వీధుల్లో ఒక మనిషి ఉంటాడు. ఒంట్లో బాగాలేదని మనకు తెలుస్తూ ఉంటుంది, ఆయనకూ తెలుసు. "డాక్టరు దగ్గరికి పోదాం రా" అంటే మాత్రం "నాకేమయ్యింది, బాగానే ఉన్నాను" అంటాడు. గట్టిగా చెబితే కోపం, మెల్లగా చెబితే నవ్వు, మాటిమాటికీ చెబితే మౌనం. అలాంటి మిత్రునికి మనం ఏ విధంగా సాయపడగలం? ఈ ప్రశ్నకు జవాబు వైద్యుణ్ణి అడగాలి గాని, చరిత్ర పాఠాలు చెప్పుకునే నాలాంటి బడిపంతుల్ని కాదని మీరు అనవచ్చు. కాని మదురై, కోయంబత్తూరు తెలుగువారి చరిత్రలోనే ఈ ప్రశ్న చాలాసార్లు తలెత్తింది. కొన్నిసార్లు మనవాళ్ళు జవాబు తప్పుగా రాశారు, కొన్నిసార్లు సరిగా రాశారు. నేను కూడా ఒకసారి తప్పుగా రాసి, దిద్దుకున్నాను. అది కూడా మీకు మనవి చేస్తాను.

ముందుగా మా సంగతి రెండు మాటలు. నేను పుట్టింది మదురైలో, ఉద్యోగం కోయంబత్తూరులో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 16వ శతాబ్దంలో విజయనగర ప్రభువుల తరఫున విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చి పాలన నెలకొల్పిన కాలం నుంచి సైనికులు, రైతులు, నేతగాళ్ళు, వ్యాపారులు తండోపతండాలుగా దక్షిణానికి తరలివచ్చారు. కోవిల్‌పట్టి, ఎట్టయపురం నల్లరేగడి నేలల్లోనూ, కోయంబత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలోనూ వాళ్ళ వారసులు ఈనాటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. చాలామందికి తెలుగు లిపి రాదు. చదువూ, లెక్కలూ, ఆసుపత్రి చీటీలూ అన్నీ తమిళంలోనే. కాని నొప్పి వస్తే "అమ్మా" అన్న తర్వాత వచ్చే రెండో మాట తెలుగు మాటే. ఈ విషయం కాస్త గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఇక చరిత్రలోకి వెళదాం. మదురైలో తముక్కం అనే రాజభవనం ఉంది. ఇప్పుడు అందులో గాంధీ స్మారక మ్యూజియం ఉంది. ఒకప్పుడు అది రాణి మంగమ్మ నివాసం. ఆమె కుమారుడు రంగకృష్ణ ముద్దువీరప్ప నాయకుడు 1689లో, చిన్న వయసులోనే, మశూచికంతో మరణించాడు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. ఆమె భర్తతో సహగమనం చేస్తానని పట్టుపట్టింది. కడుపులో బిడ్డ ఉందనీ, ప్రసవం అయ్యేదాకా ఆగమనీ మంగమ్మ ఎంతో బతిమాలి ఆపింది. మగబిడ్డ పుట్టాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే, పచ్చి బాలింతరాలు ఒంటికి పడని పన్నీరు అతిగా తాగి, జలుబు చేసి ప్రాణాలు వదిలిందని చరిత్రకారులు రాసిన కథనం. ఆ పసివాడి పేరున మంగమ్మ రాజ్యం ఏలింది. వాడే పెద్దవాడై విజయరంగ చొక్కనాథుడుగా సింహాసనం ఎక్కి, శ్రీరంగ మాహాత్మ్యం వంటి తెలుగు వచన గ్రంథాలు రాశాడు.

ఈ కథ పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తుంది. బాటలు వేయించిన రాణి, చత్రాలు కట్టించిన రాణి, సైన్యాలు నడిపించిన రాణి. ఆమె చేతిలో లేని అధికారం లేదు. అయినా తన ఇంట్లో, తన కోడలిని బతికించుకోలేకపోయింది. కొన్ని నెలలు మాత్రం ఆపగలిగింది. ఎలా ఆపింది? ఆజ్ఞతో కాదు, బిడ్డ కోసం ఆగమన్న మాటతో. బిడ్డ పుట్టగానే ఆ మాటకు ఉన్న బలం అయిపోయింది. ఆమె తన కోసం తాను బతకడానికి ఒక కారణం ఎవరూ వెతికి ఇవ్వలేదేమో! ఇది నా ఊహ మాత్రమే. కాని వైద్యం వద్దనే మనిషిని "నీ పిల్లల కోసమైనా" అని మనం బతిమాలుతున్నప్పుడు ఈ కథ గుర్తు చేసుకోవడం మంచిది. ఆ మాట కొంతదూరం మోస్తుంది, చివరిదాకా మోయదు.

బలవంతం సంగతి చూద్దాం. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. 1897లో అంటువ్యాధుల చట్టం చేశారు. అధికారులు ఇళ్ళు సోదా చేసి, రోగుల్ని వేరుచేసి, శిబిరాలకు తరలించారు. పుణెలో సైనికులు ఇళ్ళలోకి, వంటిళ్ళలోకి, పూజగదుల్లోకి చొరబడ్డారు. ప్రజలు ఏం చేశారు? రోగుల్ని దాచారు. కోపం ఎంతదాకా పోయిందంటే, ఆ ఏడాది జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. అధికారుల ఉద్దేశం రోగం ఆపడమే. కాని తలుపు తట్టిన తీరువల్ల మందు కూడా శత్రువైంది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ ప్లేగు మా కోయంబత్తూరునూ పట్టి పీడించింది. ఊళ్ళో ఈనాటికీ ప్లేగు మారియమ్మ పేరున గుడి ఉంది. భయం పట్టిన జనం ముందుగా అమ్మవారి దగ్గరికే వెళ్ళారు. ఎందుకంటే అమ్మవారు ఎవరినీ ఇంట్లోంచి ఈడ్చుకుపోలేదు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టివేయడం తేలిక. వాళ్ళు ఏ భయంతో తలుపు మూశారో అర్థం చేసుకోవడం కష్టం. కాని సాయం చేయదలచినవాడికి రెండోదే అవసరం.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

మదురై మీనాక్షి గుడికి ఎదురుగా తిరుమల నాయకుడు 17వ శతాబ్దంలో కట్టించిన పుదు మండపం ఉంది. చాలాకాలం ఆ రాతి స్తంభాల మధ్య దర్జీల కొట్లు ఉండేవి. గుడికి వచ్చినవాళ్ళు గుడ్డ ఇచ్చి, దర్శనం చేసుకుని వచ్చేసరికి రవిక కుట్టి ఇచ్చేవారు. ఆ కొట్లు ఇప్పుడు అక్కడ లేవు, వేరే చోటికి మార్చారు. ఏడేళ్ళ కిందట మాత్రం అక్కడ నా చిన్ననాటి మిత్రుడు మిషను కుట్టేవాడు. పేరు చెప్పను. మా ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బడి, ఇంట్లో ఒకే తెలుగు. వాడికి ముప్పయ్యో ఏట చక్కెర జబ్బు వచ్చింది. పన్నెండేళ్ళు దాన్ని జబ్బుగా లెక్కపెట్టలేదు.

ఒక సెలవులకు వెళ్ళినప్పుడు చూశాను. సూదిలో దారం ఎక్కించడానికి పక్క కొట్టు కుర్రవాణ్ణి పిలుస్తున్నాడు. నీలం రవికకు నల్ల గుండీ కుట్టి, గిరాకీతో మాట పడ్డాడు. సందెవేళ రోడ్డు దాటడానికి నా భుజం పట్టుకున్నాడు. పట్టుకుని, ఊరికే పట్టుకున్నట్టు నవ్వాడు.

"కన్ను చూపించుకోరా" అన్నాను.

"నాకేమి? బాగుండాను. వెలుతురు చాలక అట్లుండాది" అన్నాడు.

శ్రోతలారా, చక్కెర జబ్బు కంటి వెనక పొరలో ఉన్న సన్నని రక్తనాళాలను పాడుచేస్తుంది. అక్కడ నొప్పి ఉండదు. చాలాకాలం చూపు కూడా బాగానే ఉంటుంది. చూపు తగ్గిందని మనిషికి తెలిసేసరికి లోపల చాలా నష్టం జరిగి ఉంటుంది. శుక్లాలు వేరు. శుక్లం ముదిరినా ఆపరేషన్‌తో చాలామందికి చూపు తిరిగి వస్తుంది. చక్కెర జబ్బువల్ల పోయిన చూపు తరచు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. అందుకే చక్కెర ఉన్నవారు కళ్ళు బాగా కనిపిస్తున్నా ఏడాదికి ఒకసారి కంటి వెనక పొర పరీక్ష చేయించుకోవాలంటారు. ఇదంతా నేను పుస్తకాల్లో చదివాను. చదివినవాడికి ఊరుకోవడం రాదు. ఒక సాయంత్రం వాడి ఇంట్లో, భార్య ముందర, ఇద్దరు ఆడపిల్లల ముందర, క్లాసులో చెప్పినట్టే ఉపన్యాసం చెప్పాను. "గుడ్డివాడివి అయితే ఈ పిల్లలకు దిక్కెవరు?" అన్నాను. పెద్దపిల్ల ఏడ్చింది. వాడు తల దించుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు ఇంకో తప్పు చేశాను. గుడ్డ కొనాలి తోడు రమ్మని చెప్పి, ఆటో ఎక్కించి, ఒక కంటి డాక్టరు ఇంటి ముందు దింపాను. వాడు బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు. ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగి నడిచిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలు నా ఫోను ఎత్తలేదు. 1897 నాటి అధికారుల్ని బడిలో పిల్లల ముందు విమర్శించే నేను, ఆటోతో అదే పని చేశాను. ఆ మూడు నెలలు వాడి కంట్లో జబ్బు ఆగి కూర్చోలేదు సుమా. ఆ నష్టంలో నా వాటా ఉంది.

ఆ మూడు నెలల్లోనే నాకు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారి జీవితం చదివే అవకాశం వచ్చింది. మదురైలో ఆయన పేరు తెలియనివారు లేరు. 1918 అక్టోబరు 1న ఎట్టయపురం దగ్గర వడమలాపురం అనే పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టారు. 1944లో మద్రాసు స్టాన్లీ కళాశాలలో వైద్య పట్టం పుచ్చుకుని, సైన్యంలో వైద్యుడుగా చేరారు. పురుళ్ళ వైద్యుడు కావాలని ఆయన కోరిక. కాని కీళ్ళవాతం విరుచుకుపడి సైన్యం నుంచి తప్పుకోవలసి వచ్చింది. చాలాకాలం మంచం పట్టారు, చేతివేళ్ళు వంకరపోయాయి. పురుళ్ళు పోయడం సాధ్యం కాదని కంటి వైద్యం చదివి, ఆ వంకర వేళ్ళతోనే కత్తి పట్టడం అలవాటు చేసుకున్నారు. 1956 నుంచి మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగానికి అధిపతి. 1973లో పద్మశ్రీ. 1976లో, 58 ఏళ్ళకు ఉద్యోగ విరమణ చేసి, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, వాళ్ళ భార్యాభర్తలతో కలిసి 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. తన జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 2006 జూలై 7న కన్నుమూశారు. కోయంబత్తూరులోనూ 1997లో ఆ ఆసుపత్రి శాఖ వెలిసింది.

ఇదంతా చాలామంది చెప్పే కథే. నన్ను పట్టి ఆపింది మరొకటి. ఆసుపత్రి కట్టినా, వైద్యం ఉచితమన్నా, జనం రాలేదు! చూపు పోయినవాళ్ళు ఇంటి అరుగు మీదే కూర్చున్నారు. ఎందుకు? ఆసుపత్రివారూ, వారితో కలిసి పనిచేసిన పరిశోధకులూ ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నారు. తమిళనాడు పల్లెల్లో జరిపి 1999లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం, కంటిజబ్బు ఉన్న పెద్దవాళ్ళలో ఊరి దగ్గర పెట్టిన కంటి శిబిరానికి వెళ్ళినవారు వందకు ఏడుగురు కూడా లేరు. రానివాళ్ళు చెప్పిన కారణాలు వినండి. భయం. ఖర్చు. ఇంటి పనులు. ఎలాగో నెట్టుకొస్తున్నాం గదా అనుకోవడం. వైద్యం ఉచితమే, కాని బస్సు ఛార్జీ ఉచితం కాదు, తోడు వచ్చే కొడుకు పోగొట్టుకునే కూలి ఉచితం కాదు. అందుకే శిబిరం నుంచి ఆసుపత్రికి బస్సు, అక్కడ తిండి, మళ్ళీ ఇంటికి బస్సు, అన్నీ వారే ఏర్పాటు చేశారు.

1991లో అచ్చయిన మరో పరిశోధన ఇంకా ఆసక్తికరం. దక్షిణాది పల్లెల్లో శుక్లాల ఆపరేషన్‌కు జనాన్ని ఒప్పించడానికి ఎనిమిది రకాల పద్ధతులు పోల్చి చూశారు. ఖర్చులన్నీ పూర్తిగా భరించినచోట ఎక్కువమంది వచ్చారు. ప్రచారంలో మెరుగ్గా పనిచేసింది మరేమిటో తెలుసా? ఆపరేషన్ చేయించుకుని చూపు వచ్చిన సాటి మనిషి ఒకరు ఇంటింటికీ వెళ్ళి కూర్చుని మాట్లాడటం. చదువుకున్నవాడి ఉపన్యాసం కంటే, అదే మంచం మీద పడుకుని లేచివచ్చిన మనిషి మాటకు విలువ ఎక్కువ.

ఇది చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నా మిత్రుణ్ణి నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అంతా చెప్పడమే.

మదురై వెళ్ళాను. కోయంబత్తూరు నుంచి బస్సులో అయిదారు గంటలు. కొట్టు దగ్గర వాడి పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ముందుగా ఆటో సంగతికి క్షమాపణ చెప్పుకున్నాను. వాడు పాదంతో మిషను తొక్కుతూనే ఉన్నాడు. చాలాసేపయ్యాక అడిగాను: "ఆసుపత్రి అంటే నీకు ఏం గుర్తొస్తాదిరా?"

మిషను ఆగింది. తమిళంలో మొదలుపెట్టి, రెండో వాక్యానికి తెలుగులోకి వచ్చేశాడు. వాళ్ళ నాయనకూ చక్కెర జబ్బే. కాలికి చిన్న పుండు. ఒక ఆసుపత్రికి తీసుకుపోతే వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, తర్వాత మోకాలి దాకా తీశారు. నెల తిరక్కుండా మనిషి పోయాడు. "మా నాయన నడిచి పోయినాడురా లోపలికి. నడిచి పోయినోడు మూటగా వచ్చినాడు. నేను గూడా నడిచి పోతే?" అన్నాడు. ఇంకొకటీ చెప్పాడు. కన్ను పోతుందని డాక్టరు నోటితో చెబితే, మర్నాటి నుంచి ఆ మండపంలో ఎవరూ గుడ్డ ఇవ్వరు. తెలియనంతకాలం దర్జీ, తెలిస్తే గుడ్డివాడు.

ఇది మొండితనమా? కాదు. వాడి లెక్క వాడికి ఉంది. ఆ లెక్కలో ఒక్క అంకె తప్పు. నాయనకు ఆలస్యంగా జరిగిన వైద్యాన్ని వాడు వైద్యం తప్పుగా చదువుకున్నాడు. ఆ తప్పును దిద్దాలంటే ముందు లెక్క మొత్తం వినాలి. ఆ మాటలు తమిళ చీటీలో ఎవరూ రాయలేదు, ఎందుకంటే వాడు వాటిని తెలుగులో తప్ప ఎవరికీ చెప్పలేడు. ఇంటి భాషలో అడిగేవాడు దొరకాలి.

మా వీధిలో ఒక అవ్వ ఉండేది, రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకున్న మనిషి. ఆమెను వాళ్ళ ఇంటికి వెళ్ళి రమ్మన్నాను. ఆమె ధైర్యం చెప్పలేదు, బుజ్జగించలేదు. జరిగింది చెప్పింది: "చుక్కలు వేస్తారు, మండతాది. రెండు మూడు గంటలు అంతా మసకే, భయపడొద్దు. తల గడ్డం ఆనించి కూసోమంటారు. వెలుగు కంట్లో పొడుస్తాది. అంతే. చూసేదానికి కత్తి ఎత్తరు నాయనా." ఆ చివరి మాట కోసమే వాడు ఇన్నేళ్ళు ఎదురుచూస్తున్నట్టు అనిపించింది నాకు.

అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. పరీక్ష మాత్రమే. వైద్యం సంగతి తర్వాత, అది వాడి ఇష్టం. పనిరోజు కొట్టు మూయకుండా, పక్క కుర్రవాడితో పాటు నేను కూర్చుని గుడ్డలు తీసుకుని చీటీలు రాస్తాను. వాడి భార్య తోడు వెళుతుంది. శనివారం పొద్దున వాడు వెళ్ళాడు. నేను ఆ మండపంలో, రాతి యాళి కింద, కొలతలు తప్పుగా రాస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఎడమ కన్ను చాలావరకు పోయిందన్నారు. కుడి కంటికి లేజరు వైద్యం చేశారు, చక్కెర అదుపులోకి తెచ్చుకున్నాడు. ఆ కన్ను ఈనాటికీ నిలిచి ఉంది. కొట్టు వేరే చోటికి మారింది. సన్నపని పెద్దకూతురు చేస్తుంది, కత్తిరింపు వాడిదే. ఒక ఏడాది ముందు వెళ్ళి ఉంటే ఎడమ కన్ను కూడా దక్కేదేమో. వాడు ఆ మాట ఎప్పుడూ అనడు. నేను అనుకుంటూ ఉంటాను.

శ్రోతలారా, కోయంబత్తూరులో ఆసుపత్రులకు లోటు లేదు. 1952 నుంచి కుప్పుస్వామి నాయుడు గారి పేరున ఉన్న ఆసుపత్రి, పీళమేడులో పి.ఎస్.జి. వారి వైద్య సంస్థలు, ఇవన్నీ తెలుగు మూలాలున్న కుటుంబాలు నిలబెట్టినవే. మదురై సంగతి ఇందాక చెప్పాను. మన పెద్దలు ఆసుపత్రులు కట్టారు. ఇంటి అరుగు నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా ఉన్న దారి మాత్రం ఎవరూ కట్టి ఇవ్వలేరు. అది మిత్రులే వేయాలి.

నాకు తెలిసినంతలో నాలుగు మాటలు చెబుతాను. మొదట అడగండి, వాదించకండి. ఏమంటే భయమో వినండి. నలుగురి ముందు, ముఖ్యంగా పిల్లల ముందు, మాట్లాడకండి. మోసంతో తీసుకుపోకండి. పెద్ద నిర్ణయం కాకుండా చిన్న అడుగు అడగండి: ఒక్క పరీక్ష, ఒక్క రోజు. దారిలో ఉన్న అడ్డు, అంటే డబ్బో, కొట్టో, తోడో, అందులో మీ చేతనైనది మీరు ఎత్తుకోండి. అదే జబ్బు దాటివచ్చిన మనిషిని పరిచయం చేయండి.

ఒక హద్దు కూడా చెప్పాలి. వైద్యం వద్దనే హక్కు స్పృహలో ఉన్న పెద్దమనిషికి ఉంది. రోగి సమ్మతి తప్పనిసరి అని మన సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది కూడా. మీరు అంతా చేసినా ఆయన వద్దనవచ్చు. అప్పుడు స్నేహం మానకండి. తలుపు తెరిచి ఉంచండి, రేపు మళ్ళీ అడగవచ్చు. కాని ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి చచ్చుబడటం, స్పృహ తప్పడం, ప్రాణం తీసుకుంటాననడం, వీటికి ఈ ఓర్పు పనికిరాదు. మొహమాటపడకుండా వెంటనే 108కి ఫోను చేయండి.

ఈ ప్రసంగం వింటున్నంతసేపూ మీకు ఎవరో ఒకరి ముఖం మనసులో మెదిలి ఉంటుంది. ఈ ఆదివారం వారి ఇంటికి వెళ్ళండి. ఏమీ చెప్పకండి. పక్కన కూర్చుని, ఇంటి భాషలో ఒక్క ప్రశ్న అడగండి. తర్వాత వినండి.